పండు తిన్నది ఏ ప్రాణి: ఆనవాలు, కారణం, పరిష్కారం

రేగు, ద్రాక్ష, నేరేడు, వాక్కాయ వంటి చిన్న పండ్లు రంగు తిరిగే రోజుల్లో వాటి కోసం వచ్చే ప్రాణులు ఒకటి రెండు రకాలు కావు. పగటి వేళ చిలుకలు, పిగిలిపిట్టలు, ఉడతలు, కోతులు వస్తే, రాత్రి వేళ గబ్బిలాలు, మానుపిల్లులు, అడవి పందులు వస్తాయి. అడవిని ఆనుకున్న ఊళ్లలో వీటికి ఎలుగుబంటి కూడా తోడవుతుంది. ఇంట్లో పెంచుకునే మేక, కుక్క, కోడి సైతం అదే పండుకు ఆశపడతాయి. నష్టం కనపడగానే దుకాణానికి వెళ్లి దొరికిన వల కొనుక్కొచ్చే రైతులు చాలామంది ఉన్నారు గాని, పగటి పక్షి కోసం కట్టిన మెరుపు రిబ్బను రాత్రి వచ్చే గబ్బిలాన్ని ఆపదు, పందికి అడ్డుపడే కంచె ఉడతకు అడ్డే కాదు. అందుచేత డబ్బు ఖర్చు పెట్టకముందే, తెల్లవారుతూండగా, చెట్ల కింద ఊడ్చకముందే రాలిన పండును చేతిలోకి తీసుకుని పరిశీలించాలి. పంటి గాటు, ముక్కు గాటు, పిప్పి, పేడ, అడుగుజాడ అనే ఐదింటిలో కనీసం రెండు కలిసి వస్తేనే కారణం తేలినట్టు లెక్క.

సమస్య: కాయలు ముదరకముందే సగం కొరికి కింద పడేసి ఉన్నాయి

ఒక పక్క మాత్రమే చెక్కినట్టుండి, లోపలి గుజ్జులో కొక్కెం గుచ్చినట్టు లోతైన గాట్లు కనిపిస్తే అది చిలుక పని. చిలుక తినేదానికన్నా పారేసేది ఎక్కువ కాబట్టి నష్టం పెద్దదిగా ఉంటుంది. పక్కపక్కనే సన్నని జంట గీతల వంటి పంటి గాట్లుండి, గుజ్జు గీరి తిన్నట్టు కనిపిస్తే ఉడత అని తెలుసుకోవాలి. కాయలతోపాటు లేత కొమ్మలు విరిగి, ఆకులు రాలి, ఒక్క పూటలోనే చెట్టు చెదిరిపోయినట్టుంటే అవి కోతులే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పైకి చిన్న మచ్చ తప్ప గాటే లేకుండా, ఆకారం చెడి, కోస్తే లోపల తెల్లని పురుగు కనిపించే రేగుకాయను కూడా పిట్టలు పాడుచేశాయని అనుకుంటారు. అది కాయ తొలిచే ఈగ పెట్టిన గుడ్ల వల్ల వచ్చిన చెరుపు. దానికి వలతో పనిలేదు. రాలిన కాయలను ఏరోజుకారోజు ఏరి నాశనం చేయడం, చెట్ల మొదళ్లలో నేలను తిరగదున్ని మట్టిలో గూడు కట్టుకున్న పురుగులను (ప్యూపాలను) ఎండకు పెట్టడం దానికి మందు.

చిలుకల విషయంలో మెరుపు రిబ్బన్లు, డప్పు శబ్దాలు పనిచేస్తాయి గాని, ఒకే చోట ఒకే తీరుగా ఉంటే కొద్ది రోజుల్లోనే పక్షులు అలవాటు పడతాయి. రిబ్బన్ల స్థలం మార్చడం, కాయ రంగు తిరగడం మొదలైన తరువాతే వాటిని కట్టడం, పక్షులు ముమ్మరంగా దిగే ఉదయం, సాయంత్రం వేళల్లో మనిషి తోటలో తిరగడం, ఈ మూడూ కలిస్తేనే ఫలితం ఉంటుంది. చిలుకలను పట్టడమూ చంపడమూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోవాలి. కోతుల సమస్య ఒక్క రైతు తీర్చగలిగేది కాదు. తెలంగాణలో నిర్మల్ జిల్లాలో 2020లో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించడానికి కారణం అదే. ఊరంతా కలిసి, తిండి పడేయడం మానుకుని, పంచాయతీ ద్వారా అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవడమే సరైన దారి.

సమస్య: రాత్రికి రాత్రే పండినవి మాయమయ్యాయి, కింద పిప్పి ముద్దలు పడి ఉన్నాయి

ఈ పిప్పి ముద్దను విరిచి చూస్తే సందేహం తీరిపోతుంది. పండ్లు తినే గబ్బిలం గుజ్జును నోట్లో అంగిలికి అదిమి, రసం మింగి, మిగిలిన పీచును ఉమ్మేస్తుంది. ఆ ముద్ద చప్పిడిగా, పిండిన గుడ్డలా పొడిగా ఉండి, దాని మీద అంగిలి గీతల అచ్చు కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. చిన్న రకం గబ్బిలాలు పండును తెంపుకుని కొంత దూరంలోని తాటి చెట్టుకో మరో చెట్టుకో వెళ్లి తింటాయి కాబట్టి, ముద్దలు మీ తోటలో కాకుండా పక్క చెట్టు కింద కుప్పగా ఉండవచ్చు. ఆ చెట్టు కింద కూడా చూడనిదే ఈ కారణాన్ని కొట్టివేయకూడదు.

పరిష్కారం పండును బట్టి మారుతుంది. జామ, సపోటా వంటివి పక్వానికి వచ్చి ఇంకా గట్టిగా ఉండగానే కోస్తే ఇంట్లో మాగుతాయి కాబట్టి, కోతను కొద్ది రోజులు ముందుకు జరపడమే అన్నింటికన్నా చవకైన ఉపాయం. ద్రాక్ష, నేరేడు కోసిన తరువాత తీపి పెరగవు. వాటికి గుత్తులకు కాగితపు సంచి తొడగడమో, తోట పైన వల పరచడమో తప్పదు.

వల ఎంపికలో జాగ్రత్త అవసరం. చిటికెన వేలు దూరేంత కన్ను ఉన్న సన్నని నైలాన్ వలను చెట్టు మీద వదులుగా కప్పితే, గబ్బిలాలతోపాటు పిట్టలు, పాములు కూడా అందులో చుట్టుకుని, రెక్కలు తెగి, రోజంతా ఎండలో వేలాడి చనిపోతాయి. వేలు దూరని దగ్గరి కన్ను ఉన్న మందపాటి తెల్ల వలను, గుంజలు పాతి, బిగువుగా లాగి, కొమ్మలకు తగలకుండా పైన కట్టాలి. ఖర్చు కాస్త ఎక్కువే అయినా ఆ వల మళ్లీ మళ్లీ పనికొస్తుంది, ఏ ప్రాణికీ ఉరితాడు కాదు.

పండ్లు తినే గబ్బిలాలను మన చట్టం చాలాకాలం హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితాయే చట్టం నుంచి తొలగిపోయింది. ఇప్ప పూల పరాగసంపర్కానికీ, ఇప్ప గింజల వ్యాప్తికీ తోడ్పడేది ఈ జీవే కాబట్టి, మర్రిచెట్టు మీద వేలాడే గుంపును పొగబెట్టి తరమడం ఏ విధంగానూ సమంజసం కాదు. గుంపును బెదరగొట్టినంత మాత్రాన అది ఊరు విడిచి పోదు, మరో చెట్టుకు మారి అదే తోటకు వస్తుంది.

ఆరోగ్యపరంగా ఒక్క నియమం కచ్చితంగా పాటించాలి. కేరళలో 2018లో కోజికోడ్ ప్రాంతంలో బయటపడిన నీపా వైరస్‌కు సహజ స్థావరం పెద్ద గబ్బిలాలే. గాటు పడిన పండును చెక్కు తీసి తినడం, పందులకు మేపడం రెండూ మానాలి; బాగున్న పండ్లను కడిగి తినాలి.

సమస్య: ద్రాక్ష గుత్తుల్లో అక్కడక్కడ చిల్లులు, వాటి చుట్టూ కుళ్లు

పిగిలిపిట్ట, గోరింక గుత్తిలో పండిన గింజనే (ఒక్కో ద్రాక్ష పండునే) ఎంచి పొడుస్తాయి. గింజ మొత్తం పోయిన చోట తొడిమ మాత్రమే మిగులుతుంది, పొడిచి వదిలిన చోట రసం కారి, కందిరీగలు, చీమలు చేరి, బూజు పక్క గింజలకు పాకుతుంది. రైతుకు నిజమైన నష్టం పిట్ట తిన్న గింజల వల్ల కాదు, ఆ తరువాత వచ్చే కుళ్లు వల్లనే. కాబట్టి వల కట్టడంతోపాటు, చిల్లు పడిన గింజలను సన్న కత్తెరతో వెంటనే తీసివేయడం కూడా చికిత్సలో భాగమే.

సమస్య: మేడ మీదనో, గోడ మీదనో గింజల కుప్ప

శుభ్రంగా కడిగినట్టున్న గింజలు ఒకే చోట రోజూ పడుతుంటే అది మానుపిల్లి మల విసర్జన స్థలం. ఇది రాత్రిపూట తిరిగే పిరికి జంతువు, మనుషుల జోలికి రాదు. ఇంటి పైకప్పును తాకే కొమ్మలు నరికి, అటక కంతలకు ఇనుప జాలీ కొట్టిస్తే చాలు. అయితే లోపల పిల్లలు లేవని నిర్ధారించుకోకుండా కంత మూయకూడదు.

సమస్య: తోటలో రేగు గింజలతో నిండిన పేడ కుప్ప

చిన్నగా, మెలి తిరిగి, గట్టు మీదనో రాయి మీదనో ఉంటే నక్కది. శీతాకాలంలో రాలిన రేగుపండ్లను నక్క ఇష్టంగా తింటుంది, చెట్టుకు హాని చేయదు, పైగా ఎలుకలను తింటుంది కాబట్టి దానిని వదిలేయాలి. అదే కుప్ప పెద్దదిగా, ముద్దగా ఉండి, చుట్టుపక్కల చెదపుట్టలు తవ్వి ఉంటే ఎలుగుబంటి వచ్చిందని అర్థం. రేగు, నేరేడు, తునికి, ఇప్ప పూలు దాని కాలానుగుణ ఆహారం; శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిమామిడి, పనస పండే రోజుల్లో తోటల్లోకి వచ్చేది కూడా ఈ కారణంగానే.

ఇటువంటి చోట రాలిన పండ్లను సాయంత్రానికే ఏరివేయాలి. తెల్లవారకముందు, చీకటి పడ్డాక ఒంటరిగా తోటకు వెళ్లకూడదు. వెళ్లవలసి వస్తే దీపం పట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి, ఎందుకంటే ఎలుగుబంటి ఎక్కువగా మీద పడేది హఠాత్తుగా ఎదురుపడినప్పుడే. పిల్లలతో ఉన్న తల్లి మరీ ప్రమాదకరం. కంచెకు కరెంటు లైను నేరుగా తగిలించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అలాంటి తీగ మొదట పశువునో, పక్క పొలం రైతునో, సొంత ఇంటి మనిషినో బలి తీసుకుంటుంది, అది నేరం కూడా. అతి తక్కువ సమయం మాత్రమే కరెంటు తుళ్లింపు ఇచ్చే సోలార్ కంచె దీనికి పూర్తిగా వేరైనది. దాన్ని తెలిసినవారి చేత పెట్టించుకోవాలి. ఎలుగుబంటి జాడ కనిపించిన రోజే అటవీ శాఖకు తెలియజేస్తే, తరువాత పరిహారం అడగడానికి కూడా అది ఆధారమవుతుంది.

సమస్య: మామిడి కొమ్మ మీద వేరే జాతి ఆకులు, ఆ పైన కొమ్మ ఎండిపోవడం

ఇది చెట్టు కొమ్మ మీదే బతికే బదనిక అనే మొక్క. దాని జిగురు పండును బొటనవేలంత పిట్ట ఒకటి తిని, కొద్ది నిమిషాల్లోనే విసర్జించి, అంటుకున్న గింజను కొమ్మకు రుద్దుతుంది. గింజ అక్కడే మొలిచి కొమ్మలోకి వేరు దించుతుంది. పిట్టను తరిమి లాభం లేదు. బదనిక కాయకముందే, అది అతుక్కున్న చోటికి మొదలు వైపు జానెడు కిందుగా ఆరోగ్యమైన కొమ్మ దగ్గర కోయాలి. ఆకులు మాత్రమే పీకితే మళ్లీ చిగురిస్తుంది.

సమస్య: మేక, గొర్రె, ఆవు మేత మానేసి, కళ్లు పచ్చబడి, మూతి, చెవులు ఎర్రగా కందిపోయాయి

కరువు రోజుల్లో ఈ లక్షణాలు కనిపించగానే మొదట అనుమానించవలసింది లాంటానాను. కొన్ని ప్రాంతాల్లో పులికంప అంటారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అలంకార మొక్కగా మన దేశానికి తెచ్చిన ఈ కంప ఇప్పుడు బీళ్లూ అడవులూ ఆక్రమించింది. పిగిలిపిట్టలు, గోరింకలు దాని నల్లని పండ్లు తిని గింజలు వెదజల్లుతాయి, వాటికేమీ కాదు. విషం ప్రధానంగా ఆకుల్లోనూ పచ్చికాయల్లోనూ ఉంటుంది. అలవాటున్న మంద దానిని తప్పించుకుంటుంది. సంతలో కొత్తగా కొనుక్కొచ్చినదీ, ఆకలితో ఉన్నదీ తినేస్తుంది.

విషం కాలేయాన్ని దెబ్బతీయడంతో, ఆకుపచ్చ మేతలోని పదార్థం ఒకటి రక్తంలో పేరుకుని, ఎండ తగలగానే తెల్ల చర్మం కాలినట్టు పుండుపడుతుంది. నల్ల మచ్చలున్న పశువులో నల్లటి భాగం బాగానే ఉండి, తెల్లటి భాగం మాత్రమే కందడం ఈ జబ్బు గుర్తు. పొట్ట కదలిక ఆగి, మలబద్ధకం ఏర్పడుతుంది, తిన్న ఆకు పొట్టలోనే నిలిచి విషం ఇంకా ఎక్కుతూ ఉంటుంది.

వెంటనే పశువును చీకటి కొట్టంలోకి మార్చి, నీళ్లు అందుబాటులో ఉంచి, పశువైద్యుణ్ణి పిలవాలి. విషాన్ని పీల్చుకునే బొగ్గు మందు, సెలైను సకాలంలో అందితే కోలుకునే అవకాశం ఉంది. నూనెలు, కషాయాలు బలవంతంగా తాగించడం వల్ల అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమే ఎక్కువ. కంపను తీసేటప్పుడు పైపైన నరికితే రెట్టింపుగా చిగురిస్తుంది. నేలకు కొద్ది అంగుళాల కిందుగా తల్లివేరు కోసి, మొక్కను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి.

సమస్య: పెంపుడు కుక్క వాంతులు చేసుకుని, నీరసించి, మూత్రం తగ్గింది

ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వీటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని పశువైద్యులు ఇటీవల భావిస్తున్నారు, అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది కాబట్టి పులిహోర, చారు అన్నం పెట్టడం కూడా మంచిది కాదు. ఎంత తింటే ప్రమాదమో కుక్కను బట్టి మారుతుంది, కాబట్టి కొంచెమే కదా అని ఊరుకోకూడదు. తిన్న రెండు గంటలలోపు వైద్యుని దగ్గరకు తీసుకువెళితే వాంతి చేయించి విషం బయటికి తీసే వీలుంటుంది. వాంతులు మొదలై, మూత్రం తగ్గేదాకా ఆగితే సెలైను మీద రోజుల తరబడి ఉంచవలసి వస్తుంది, అప్పటికీ ఫలితం చెప్పలేం.

సమస్య: కోళ్ల రెట్ట ఊదారంగులో ఉంది

నేరేడు చెట్టు కింద తిరిగే కోళ్లకు ఇది పండు రంగు వల్ల వస్తుంది. కోడి మేత తింటూ, చురుగ్గా ఉంటే ఏమీ చేయనవసరం లేదు. రెట్టలో నెత్తురు జీరలుండి, కోడి రెక్కలు వాల్చి మూలన ముడుచుకుంటే అది పేగుల జబ్బు. ఆ కోడిని వేరు చేసి, కొట్టంలోని తడి గడ్డి మార్చి, అదే రోజు మందు వేయించాలి.