చిన్న చిన్న ముక్కల బొంతకు గుడ్డ ఎలా ఎంచుకోవాలి?

మా అమ్మమ్మ బొంతకు గుడ్డ ఎంచుకునేది కాదు. పాతబడిన నేత చీరలు నాలుగు పొరలుగా పరిచి, చిరుగు ఉన్న చోటల్లా చేతికందిన రంగు ముక్క వేసి, పెద్ద సూది పట్టుకుని కూర్చునేది. లంగా ముక్కైనా, చొక్కా ముక్కైనా అందులో ఇమిడిపోయేది. బరువు మోసేది కింది చీరలు కదా, పై ముక్క పైనే ఉండిపోయేది.

ముక్కకు ముక్క అతికి పైపొర మొత్తాన్ని తయారుచేసే బొంతకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ప్రతి ముక్కనూ పట్టుకునేది పక్క ముక్కే. ముక్క అంగుళానికి దిగితే గుడ్డ గుణం దాగదు. నేను మొదటిసారి జాకెట్టు ముక్కల సంచి బోర్లించి, రంగు నచ్చినవన్నీ కోసి కుట్టేశాను. మూడో ఉతుకుకే ఒక మూల పోగులు జారి కుట్లు నోళ్లు తెరిచాయి. ఎర్ర ముక్క పక్కనున్న తెల్ల ముక్కలన్నీ గులాబీ రంగులోకి తిరిగాయి. ఆ తర్వాతే అర్థమైంది, చిన్న ముక్కలకు గుడ్డను రంగు చూసి కాదు, కోసిన అంచు చూసి కొనాలని.

1. ముందుగా లెక్క చూసుకోండి

పైకి అంగుళం కనిపించాలంటే నాలుగు వైపులా కుట్టుకు పావు అంగుళం చొప్పున వదలాలి. అంటే ఒకటిన్నర అంగుళాల ముక్క కోయాలి. కోసింది 2.25 చదరపు అంగుళాలు, కనిపించేది ఒక్కటి. సగానికి పైగా గుడ్డ లోపలికే పోతుంది. అర అంగుళం ముక్కలైతే మరీ విడ్డూరం: అంగుళం కోస్తే పైకి కనిపించేది పావు చదరపు అంగుళమే, ముప్పాతిక వంతు కుట్టు వెనక దాక్కుంటుంది.

పసిపిల్లల బొంత ఒకటి, 36 అంగుళాల పొడవు, అంతే వెడల్పు అనుకుందాం. అంగుళం ముక్కలు 1296 కావాలి. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ దాదాపు 1.7 మీటర్లు సరిపోవాలి. ఉతికితే కుదించుకుపోయేది, కోతలో పోయేది కలిపి రెండుంపావు తీసుకోవడం మంచిది. అదే బొంత అర అంగుళం ముక్కలతో అయితే 5184 ముక్కలు, మూడు మీటర్ల గుడ్డ, అదీ తరుగు కలపకుండా. మొదటిసారి చేసేవారు అంగుళానికి తగ్గవద్దని నా మాట.

ఒక రంగుకు పావు మీటరు చాలు. అందులో ఒకటిన్నర అంగుళాల ముక్కలు నూట యాభైకి పైగా వస్తాయి. పది రంగులు పావు మీటరు చొప్పున అడిగితే కొట్టువాళ్లు విసుక్కోవచ్చు. "ఇంత ముక్కతో ఏం కుడతారమ్మా?" అని నన్ను ఎన్నిసార్లు అడిగారో. అలాంటప్పుడు 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్కలే తీసుకుని, మిగిలినది తర్వాతి బొంతకు దాచుకోండి.

2. గుడ్డ కొట్టులోనే చేయగల పరీక్షలు

మొదటిది వెలుతురు పరీక్ష. గుడ్డ ఒక్క పొరను ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకోండి. పోగుల మధ్య సన్నటి కన్నాలు వలలాగా కనిపిస్తే పక్కన పెట్టండి. నేత బిగువుగా ఉంటేనే పావు అంగుళం అంచులో పోగు నిలుస్తుంది. తెలుపు, గోధుమ వంటి లేత రంగులకు ఈ పరీక్ష మరింత ముఖ్యం. పలుచని తెల్ల గుడ్డ వెనక నీలం ముక్క అంచు మడిచి ఉంటే, ముందు నుంచి మురికి గీతలా నీడ కనిపిస్తుంది. ఆ గీతను ఏ సబ్బూ పోగొట్టదు.

రెండోది మడత పరీక్ష. గుడ్డ మడిచి గోటితో గట్టిగా గీసి వదలండి. మంచి నూలు మడత అలాగే నిలుస్తుంది. పాలిస్టర్ కలిసినది మెల్లగా విచ్చుకుంటుంది. చిన్న ముక్కల పనిలో ప్రతి కుట్టునూ మడిచి ఇస్త్రీ చేయాలి కాబట్టి, మడతకు లొంగని గుడ్డతో వెయ్యిసార్లు పోట్లాడవలసి వస్తుంది.

మూడోది, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది, అంచు పరీక్ష. కత్తెరతో కోసిన అంచును (నేత అంచు కాదు) బొటనవేలి కింద పెట్టి పదిసార్లు రుద్దండి. రెండు మూడు పోగులు ఊడితే పరవాలేదు. మీసంలా కుచ్చు వేలాడితే వద్దు. పావు అంగుళంలో రెండు మూడు మిల్లీమీటర్లు పీచైపోయాక కుట్టు దేన్ని పట్టుకుంటుంది?

ఇంటికి తెచ్చాక చేయవలసినది మంట పరీక్ష. పడుగు (గుడ్డ పొడవునా సాగే పోగులు) నుంచి ఒక పోగు, పేక (అడ్డంగా నేసిన పోగులు) నుంచి ఒక పోగు లాగి విడివిడిగా వెలిగించండి, కింద స్టీలు పళ్లెం పెట్టుకుని. నూలు కాగితం కాలిన వాసనతో కాలి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దవుతుంది. రెండు పోగులూ ఎందుకంటే, ఒక దిక్కు నూలు, మరో దిక్కు పాలిస్టర్ ఉన్న నేతలు కూడా ఉంటాయి.

3. ఏ గుడ్డ పనికొస్తుంది, ఏది రాదు

కళ్లు మూసుకుని తీసుకోదగ్గది నూటికి నూరు శాతం నూలు పాప్లిన్. సన్నగా, బిగువుగా ఉంటుంది, మడత నిలుపుతుంది. కాంబ్రిక్ కూడా అంతే మంచిది. చిన్న పూల అచ్చులు ఎక్కువగా దీని మీదే దొరుకుతాయి.

జాకెట్లకు వాడే టూ బై టూ రూబియా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పడుగులోనూ పేకలోనూ రెండు పోగులు పురిపెట్టిన దారం కాబట్టి ఆ పేరు. చీరకు సరిపోయే రంగు వెతికే అలవాటు పుణ్యమా అని, మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్‌కు వెళితే ఒక్క పచ్చలోనే పదిహేను ఛాయలు దొరుకుతాయి. చిన్న ముక్కల బొంతకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే నూలు పేరుతో కల్తీ రకాలూ అదే అరలో ఉంటాయి. మంట పరీక్ష తప్పించవద్దు.

మల్లు గుడ్డ కట్టుకోవడానికి హాయి, ముక్కలకు మాత్రం తలనొప్పి. కత్తెర కిందే జారుతుంది, వెనక రంగు చూపిస్తుంది. ఖద్దరులో పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం; ఆ అందమే ఇక్కడ అడ్డం. మంగళగిరి నూలులో జరీ లేని సాదా భాగం బిగువుగా ఉంటే వాడవచ్చు, అంచు పరీక్షలో నెగ్గితేనే. పోచంపల్లి ఇక్కత్ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను కానీ, మీటర్ల లెక్కన దొరికే రకంలో దారం లావు, పీచు ఎక్కువ. పైగా పోగులకే ముందుగా రంగు అద్ది నేస్తారు కాబట్టి దాని అందమంతా ఆ చెదిరిన అంచుల్లో ఉంటుంది. అంగుళం ముక్కలో అది మరకలా మిగులుతుంది. మూడు అంగుళాలకు పైబడిన ముక్కలకు దాచుకోండి.

పట్టు ముక్కలు వాడాలని మనసు పీకితే, కోయక ముందే వెనక పలుచని పేస్టింగ్ గుడ్డను ఇస్త్రీతో అంటించండి.

పాత చొక్కాలు, చీరలు వాడవచ్చు. చొక్కాలో వీపు భాగం బాగుంటుంది, కాలరు దగ్గర, మోచేతుల దగ్గర అరిగిపోయి ఉంటుంది. రెండు బొటనవేళ్లతో పట్టి గట్టిగా లాగి చూడండి. చిటచిటమని చప్పుడు వస్తే అది బొంతలో ముందుగా చిరిగే ముక్క.

మందం విషయంలో ఒక్క మాట. నాలుగు ముక్కలు కలిసే మూల దగ్గర, కుట్టులో మిగిలిన అంచులను ఎటు మడిచామన్న దాన్ని బట్టి, ఏడు నుంచి తొమ్మిది పొరల గుడ్డ పోగుపడుతుంది. అంగుళానికొక మూల ఉన్న బొంతలో గుడ్డ ఏ కొంచెం మందమైనా మూలమూలకూ బుడిపె తేలుతుంది. మందపు గుడ్డ ఇంకో నష్టమూ చేస్తుంది. మడత తిరిగే చోట ఒకటి రెండు పోగుల వెడల్పు మింగుతుంది. ఒక్కో కుట్టు దగ్గర అర మిల్లీమీటరు పోయినా 36 ముక్కల వరుసలో 35 కుట్లు, అంటే 17 మిల్లీమీటర్లకు పైగా మాయం. ఒక వరుస పాప్లిన్, మరో వరుస మందపు గుడ్డ అయితే ఆ రెండూ కలవవు. అందుకే అన్ని గుడ్డలూ దాదాపు ఒకే మందం ఉండాలి.

4. అట్టలో కిటికీ కోసి చూడండి

కొట్టులో తాను విప్పితే కనిపించే అందం వేరు, అంగుళంలో మిగిలే అందం వేరు. ఒక పాత పెళ్లిపత్రిక అట్ట తీసుకుని, మధ్యలో ముక్క ఎంత కనిపించాలో అంత, అంటే సరిగ్గా అంగుళం చతురస్రం కోయండి. ఆ కిటికీని గుడ్డ మీద అటూ ఇటూ జరపండి.

నేను ఒకసారి పెడన కలంకారీ ముక్క మీద ఇలాగే జరిపాను. ఒకచోట చిలక ముక్కు, పక్కన ఉత్త గోధుమ రంగు, ఇంకొంచెం జరిపితే ఏదో తీగ తోక. ఒకే గుడ్డ మూడు వేర్వేరు గుడ్డల్లా కనిపించింది. అదే పెడన అచ్చులో కందిగింజంత బుటాలున్న గుడ్డ మీద జరిపితే ఎక్కడ ఆగినా మూడు నాలుగు బుటాలు, వెనక అదే ఎరుపు. ఎక్కడ ఆపినా కిటికీలో ఒకే రంగు గుడ్డ అనిపించాలి, అదే కొలత. తెల్ల నేల మీద దూరం దూరంగా పూలున్న గుడ్డతో జాగ్రత్త. ఒక ముక్క తెలుపు, ఒక ముక్క ఎరుపుగా వచ్చి, మీరు అనుకున్న నమూనా అంచులు చెదిరిపోతాయి.

చారలు, గళ్లు నేతలో వచ్చినవైతే సరే. అచ్చు వేసినవి తరచు పోగుకు వంకరగా ఉంటాయి. అంగుళంలో ఆ వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రంగుల పొందిక చూడటానికి ముక్కలన్నీ పక్కపక్కన పరిచి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా ఎంత మెరిసినా నలుపు తెలుపులో ఒకే బూడిద రంగుగా కలిసిపోతే, గది అవతలి నుంచి చూసేవారికి ఆ రెండింటి మధ్య గీత తెలియదు. చిన్న ముక్కల్లో నమూనాను నిలబెట్టేది ముదురు, లేత తేడాయే.

5. ఉతకండి, గంజి పెట్టండి

కోయక ముందే గుడ్డలన్నీ ఉతకాలి. కొందరు అక్కరలేదంటారు. మన కొట్లలో దొరికే నూలు ఒక్కొక్కటి ఒక్కో రకంగా కుదించుకుపోతుంది కాబట్టి నేను ఒప్పుకోను. ఎరుపు, ముదురు నీలం, మెరూన్ విడివిడిగా తెల్ల గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. నీళ్లలో రంగు దిగితే మళ్లీ మళ్లీ జాడించండి. నాలుగైదు సార్లకూ నీళ్లు తేటపడకపోతే ఆ గుడ్డను దిండు గలీబుకు వాడుకోండి.

ఆ తర్వాత గంజి. అన్నం వార్చిన గంజిని పలుచని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ముదురు రంగుల మీద మెతుకు నలుసులు తెల్లగా అంటుకుంటాయి. మిషన్ మీద కుట్టేవారు ఒక గ్లాసు గంజికి మూడు గ్లాసుల నీళ్లు కలిపితే చాలు. చేత్తో కుట్టేవారు ఇంకా పలుచన చేసుకోవాలి; గుడ్డ అట్టలా అయితే సూది దిగక వేళ్లు నొప్పి పుడతాయి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి పెడుతూ. గంజి పట్టిన గుడ్డ కత్తెర కింద కదలదు, అంచు పోగు వదలదు. అయితే గంజి ఉన్న ముక్కలను నెలల తరబడి పెట్టెలో ఉంచితే పురుగులు చేరతాయి. త్వరగా కుట్టి, పూర్తయ్యాక బొంతను ఒకసారి ఉతికేయండి.

కోసేటప్పుడు పడుగు దిక్కున కోయండి. పడుగు తక్కువ సాగుతుంది, పేక కొంచెం సాగుతుంది, క్రాస్‌గా కోసినది రబ్బరులా సాగుతుంది.

6. తొమ్మిది ముక్కల నమూనా

అన్నీ కొన్నాక, పెద్ద కోతకు ముందు, ఎంచుకున్న గుడ్డల నుంచి ఒకటిన్నర అంగుళాల ముక్కలు తొమ్మిది కోయండి. మూడు వరుసలుగా కుట్టండి. మిషన్‌కు 11 నంబరు సూది, సన్నని నూలు దారం, కుట్టు పొడవు రెండు మిల్లీమీటర్లకు మించకుండా. ఇస్త్రీ చేసి స్కేలు పెట్టి కొలవండి. సరిగ్గా మూడున్నర అంగుళాలు రావాలి. తక్కువ వస్తే కుట్టును ఒక పోగు బయటికి జరిపి మళ్లీ కుట్టి చూడండి. అప్పటికీ తగ్గుతుంటే తప్పు మీ చేతిది కాదు, గుడ్డ మందమెక్కువ.

కొలత కుదిరిన నమూనాను రోజూ ఉతికే బట్టలతో పాటు బకెట్లో వేసి, మామూలుగానే పిండి ఆరేయండి. ఎండాక వెనక్కి తిప్పి చూడండి. ఏ ముక్క అంచు పావు అంగుళం నుంచి సగానికి కరిగిందో, ఏ తెల్ల ముక్క రంగు మారిందో, ఆ గుడ్డను పక్కన పెట్టి, మిగిలినవి కోయడం మొదలుపెట్టండి.