పికప్ ట్రక్కు మైలేజీ పెంచడం: క్రౌన్-పినియన్ మార్చే ముందు వేయాల్సిన లెక్కలు

పికప్ ట్రక్కు ఇంధనం ఎక్కువగా తాగుతోందనిపించినప్పుడు చాలామందికి ముందు తోచేది వెనుక ఇరుసులోని క్రౌన్-పినియన్ (ఇంజిను శక్తిని చక్రాలకు అందించే గేర్ల జత) నిష్పత్తిని మార్చడం. ఆ మార్పు ఫలితమిచ్చే మాట నిజమే. అయితే ఎంత ఫలితమిస్తుందన్నది, మీరు రోజూ నడిపే వేగంలో ఇంజిను ఇప్పుడు ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద తిరుగుతోందన్నదానిపై ఆధారపడి ఉంటుంది కనుక, ఇరుసు విప్పించే ముందు కాగితం మీద లెక్క వేసుకోవడం తప్పనిసరి.

గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి సుమారు 1,667 మీటర్లు. 31 అంగుళాల వ్యాసమున్న టైరు చుట్టుకొలత దాదాపు 2.47 మీటర్లు కాబట్టి ఆ వేగంలో చక్రం నిమిషానికి 675 సార్లు తిరుగుతుంది. ఈ సంఖ్యను ఇరుసు నిష్పత్తితోనూ (చక్రం ఒకసారి తిరగడానికి ఇరుసులోకి వచ్చే షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో అది), టాప్ గేరు నిష్పత్తితోనూ గుణిస్తే ఇంజిను ఆర్‌పీఎం వస్తుంది. ఓవర్‌డ్రైవ్ (ఇంజిను కన్నా గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు వేగంగా తిరిగే పై గేరు) లేని పాత బండిలో టాప్ గేరు 1.00, ఇరుసు 4.10 అనుకుంటే ఇంజిను సుమారు 2,770 ఆర్‌పీఎం వద్ద తిరుగుతుంది. అదే ఇరుసును 3.55కు మార్చితే అది 2,400కు దిగుతుంది. ఇరుసును ముట్టకుండా 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ అమర్చితే 1,940కు దిగుతుంది. పైగా కింది గేర్లలో లాగే బలం పెద్దగా తగ్గదు. అందుకే పాత బండికి ఇరుసు మార్పు కంటే ఓవర్‌డ్రైవ్ మేలని నా అభిప్రాయం. ఇప్పటికే ఓవర్‌డ్రైవ్‌తో 1,900 దగ్గర నడుస్తున్న బండికి మాత్రం క్రౌన్-పినియన్ మార్చడం వల్ల దక్కేది స్వల్పం.

ఆర్‌పీఎం తగ్గితే ఇంధనం ఎందుకు ఆదా అవుతుందో తెలిస్తే ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది. అదే శక్తిని తక్కువ ఆర్‌పీఎం వద్ద రాబట్టాలంటే పెట్రోలు ఇంజినులో థ్రాటిల్ (లోపలికి వెళ్లే గాలిని నియంత్రించే తలుపు) ఎక్కువగా తెరుచుకోవాలి. అలా తెరుచుకున్నప్పుడు గాలిని లోపలికి పీల్చుకోవడానికి ఇంజిను వృథా చేసే శ్రమ తగ్గుతుంది, దానితోపాటు లోపలి రాపిడీ తగ్గుతుంది. డీజిల్ ఇంజినులో ఈ థ్రాటిల్ నష్టం దాదాపు ఉండదు కాబట్టి లాభం ప్రధానంగా రాపిడి తగ్గడం వల్లే వస్తుంది. ఏ ఇంజినులోనైనా టార్క్ (తిప్పే బలం) బాగా అందే పరిధి కన్నా ఆర్‌పీఎం కిందికి పడిపోతే బండి మూలుగుతుంది, చిన్న ఎత్తు వచ్చినా గేరు దించాల్సి వస్తుంది, ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజినును గేర్‌బాక్స్‌తో జారకుండా నేరుగా కలిపే పట్టు) మాటిమాటికీ విడిపోతుంది. అప్పుడు ఆదా కావాల్సిన ఇంధనం అక్కడే ఖర్చైపోతుంది. తరచుగా బరువైన ట్రెయిలర్ లాగే బండికి నిష్పత్తి తగ్గించవద్దు.

టైర్లూ గేరింగులో భాగమే. 31 అంగుళాల టైర్ల స్థానంలో 33 అంగుళాలవి వేస్తే 4.10 ఇరుసు 3.85లా పనిచేస్తుంది. దీన్ని చవకైన గేరు మార్పుగా భావించి పెద్ద టైర్లు వేయించేవారున్నారు, కానీ వాటి బరువు, రోడ్డుతో ఒరిపిడి, బండి ఎత్తు పెరగడం వల్ల గాలి నిరోధం కలిసి ఆ లాభాన్ని సాధారణంగా మింగేస్తాయి. పైగా ఓడోమీటరు దూరాన్ని తక్కువగా చూపుతుంది కాబట్టి, దాన్ని సరిచేయించేవరకు చూపిన దూరాన్ని 1.065తో గుణించాకే మైలేజీ లెక్కించాలి.

క్రౌన్-పినియన్ మార్చాలనే నిర్ణయించుకుంటే, ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనుక ఇరుసులు రెండింటినీ ఒకే నిష్పత్తికి మార్చి తీరాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన వెంటనే రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడి ట్రాన్స్‌ఫర్ కేసును (శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేరు పెట్టెను) దెబ్బతీస్తాయి. కొన్ని ఇరుసుల్లో నిష్పత్తి ఒక హద్దు దాటితే డిఫరెన్షియల్ కేసు (క్రౌన్ గేరును బిగించే ఇరుసు లోపలి భాగం) కూడా మార్చాల్సి ఉంటుంది. పళ్ల మధ్య సందు, పినియన్ బేరింగు బిగింపు, పళ్లు ఒకదానిపై ఒకటి ఆనే తీరు రంగు పూసి సరిచూడగల నిపుణుడికే ఈ పని అప్పగించాలి. తొలి 800 కిలోమీటర్లు బరువు వేయకుండా నడిపి, తరువాత గేరు ఆయిల్ మార్చాలి.

పెద్ద రోడ్డుపై ఇంధనాన్ని ఎక్కువగా తినేది గాలి నిరోధం. అది వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, 100 నుంచి 90కి తగ్గితే దాదాపు 19 శాతం తగ్గుతుంది. పైన వాడని క్యారియర్‌ను తీసేయండి. తొట్టికి మూత వేస్తే కొంత మేలు. టెయిల్‌గేటు దించి నడపడం మాత్రం ఉపయోగం లేని పని, ఎందుకంటే అది మూసి ఉన్నప్పుడు తొట్టిలో నిలిచే గాలి సుడి మీదుగానే బయటి గాలి సాఫీగా జారిపోతుంది. టైర్ల గాలి నాలుగింటిలోనూ సగటున ఒక పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలమానం) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం, 45 కిలోల అనవసర బరువు మోస్తే దాదాపు ఒక శాతం తగ్గుతుంది.

ఇంజిను త్వరగా వేడెక్కకుండా చేసే పాడైన థర్మోస్టాట్‌ను, పట్టేసిన బ్రేకును ముందుగా బాగుచేయించండి. ఇంధన ఇంజెక్షన్ ఉన్న ఆధునిక పెట్రోలు బండిలో ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ కిట్ల వల్ల మైలేజీ చెప్పుకోదగినంత పెరగదు. పొగ శుద్ధి పరికరాలను తొలగించే మార్పుల జోలికి అసలు పోవద్దు.

ఆదాను లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కలో కాక 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లన్న లెక్కలో చూడండి. లీటరుకు 8 కిలోమీటర్ల నుంచి 10కి పెరిగితే 100 కిలోమీటర్లకు 2.5 లీటర్లు మిగులుతాయి, 12 నుంచి 14కు పెరిగితే మిగిలేది 1.2 లీటర్లే. ఏడాదిలో మీరు తిరిగే కిలోమీటర్లను 100తో భాగించి, దీనితోనూ లీటరు ఇంధనం ధరతోనూ గుణిస్తే గేరు పనికి పెట్టే ఖర్చు తిరిగి వస్తుందో లేదో తేలిపోతుంది. కొలత కోసం ఒకే పంపులో ట్యాంకు నిండుగా పోయించి, అదే దారిలో నడిపి, మళ్లీ నిండుగా పోయించాలి. ఒక్కో మార్పు తరువాత కనీసం మూడు నాలుగు ట్యాంకుల సగటు తీసుకున్నాకే తదుపరి మార్పుకు వెళ్లాలి. గేర్లు మార్చిన బండిలో ఈ కొలతను కొత్త పళ్లు ఒరుసుకుని, ఆయిల్ మార్చిన తరువాతే మొదలుపెట్టాలి.