రేషన్ ఆగిపోతే తెలుగులో అర్జీ ఎలా రాయాలి: పర్లాకిమిడి నుంచి

మా అత్తగారి బొటనవేలు నున్నగా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టింది. పిక్క పెంకులోంచి కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆమె వేలి గీతలు ఏనాడో పోయాయి. రేషన్ షాపులో మెషీన్ మీద వేలు పెడితే పడదు. చీర కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది, అయినా పడదు. ఆమె పాత ఇంట్లో ఒక్కతే ఉంటుంది, కడు పేదలకు ఇచ్చే అంత్యోదయ రేషన్ కార్డు ఆమె ఒక్కదాని పేరు మీదే ఉంది. అందుకని ఆమె బదులు వేలు పెట్టేవాళ్లు ఇంకెవరూ లేరు. వరుసగా మూడు నెలలు "వేలు పడలేదమ్మా, వచ్చే నెల రా" అని ఖాళీ సంచితో పంపేశారు. నెలకు 35 కిలోల చొప్పున 105 కిలోల బియ్యం. ఆ మూడు నెలలూ ఆమె రాత్రిపూట గంజి తాగి పడుకుందని మాకు తర్వాత తెలిసింది. మాకు చెప్పలేదు, సిగ్గుపడింది.

నేను ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలోనే పుట్టి ఒడియా బడిలో చదువుకున్నాను. కుట్టుమిషన్ మీద బతుకుతున్నాను. అత్తగారి అర్జీ రాసిన దగ్గర్నుంచి మా వీధివాళ్లు కాగితాలు పట్టుకుని వస్తున్నారు. అందరికీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అర్జీ రాయకముందు షాపులోనే అడగాల్సినవి ఉన్నాయి. వేలు పడకపోతే వేలికి బదులు కంటిపాపను చూసే మెషీన్ ఉందా అని అడగండి. ఫోనుకు ఓటీపీ పంపమనండి. మా అత్తగారి ఆధార్‌కు చనిపోయిన మావయ్యగారి నంబరు లింకై ఉంది, ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు ఏ నంబరు ఉందో ఇవాళే చూసుకోండి. ఇవేవీ కుదరకపోయినా బియ్యం ఆపకూడదు. వేలిముద్ర పడలేదన్న కారణంతో ఎవరికీ రేషన్ కాదనకూడదని, వాళ్ల పేరు వేరే రిజిస్టరులో రాసి సరుకు ఇవ్వాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. ఈ తేదీ ఒక చీటీ మీద రాసుకుని షాపులో చదివి వినిపించండి. గొంతు పెంచక్కర్లేదు. తేదీ విన్నాక చాలామంది మాట తీరు మారడం నేను చూశాను.

అప్పటికీ ఇవ్వకపోతే, షాపు మెట్లు దిగగానే మూడు విషయాలు రాసుకోండి: తేదీ, టైము, వాళ్లు అన్న మాట అన్నట్టుగా. "కుదరదన్నారు" అని రాస్తే చాలదు. "వేలు పడలేదు, వచ్చే నెల రా" అన్నారని రాయాలి. ఆ ఒక్క వాక్యంలోనే కారణం ఏమిటో బయటపడుతుంది.

ఇక అర్జీ. మన తెలుగువాళ్లు ఇక్కడే జంకుతారు. ఒడియా రాయడం రాదు కాబట్టి బయట ఎవరికో డబ్బులిచ్చి రాయించుకుంటారు. మా పక్కింటి వదిన అలా రెండు వందలిచ్చి రాయించుకుంది. ఆమెకు కావలసింది కోడలి పేరు కార్డులో ఎక్కించడం. తీరా నేను చదివి చూస్తే కొత్త కార్డు కావాలని రాసుంది. తను దేనికి సంతకం పెట్టిందో తనకే తెలియదు. ఆరు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగింది, పాపం.

కాబట్టి ముందు తెలుగులోనే రాయండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తన బాధ తీర్చమని ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే మనిషి ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. పర్లాకిమిడిలో తెలుగు వాడుకలో లేదని ఎవరంటారు? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు కలిసింది, ఇళ్లలో మాట మారలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడింది ఆయనే, కొండల్లో సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నదీ ఆయనే. అర్జీ రాసేటప్పుడు నాకు ఆయనే గుర్తొస్తారు. గ్రాంథికం వద్దు, నోటితో చెప్పినట్టే రాయండి.

అయితే కౌంటర్లో ఉన్న గుమస్తాకు తెలుగు చదవడం రాకపోవచ్చు. ఆయనతో వాదన పెట్టుకుంటే మీ పూట పోతుంది. అందుకని నేను తెలుగు అర్జీ కింద ఒడియా కాపీ జతచేస్తాను. సంతకమో వేలిముద్రో మాత్రం తెలుగు కాగితం మీదే. రాశాక ఆ మనిషికి పైకి చదివి వినిపిస్తాను. అత్తగారికి వినిపిస్తే మధ్యలో ఆపేసింది. "దయతలచి అని ఎందుకు రాశావమ్మాయ్? నేను అడుక్కుంటున్నానా?" అంది. కొట్టేశాను. అప్పటినుంచి ఎవరి అర్జీలోనూ ఆ మాట రాయడం లేదు.

ఆమె అర్జీలో ముఖ్యమైన భాగం ఇది:

"నా పేరు మీద అంత్యోదయ కార్డు ఉంది. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం నాకు నెలకు 35 కిలోలు రావాలి. వేలిముద్ర పడలేదని ఈ మూడు నెలలు ఇవ్వలేదు. వెళ్లిన తేదీలు, అక్కడ చెప్పిన మాటలు కింద రాశాను. ఈ నెల నుంచి వేలిముద్ర లేకుండా ఇప్పించండి. ఇవ్వని 105 కిలోలకు చట్టం 8వ సెక్షన్ కింద ఆహార భద్రతా భత్యం చెల్లించండి. తీసుకున్న చర్య నాకు రాతపూర్వకంగా తెలపండి."

భత్యం అంటే ఇవ్వని బియ్యానికి బదులు ఇచ్చే డబ్బు. మీది అంత్యోదయ కాకుండా మామూలు కార్డయితే మనిషికి 5 కిలోల చొప్పున లెక్క వేసుకోండి. 2023 జనవరి నుంచి ఈ బియ్యానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగితే అదీ అర్జీలో రాయండి.

పైన ఎవరి పేరు రాయాలి? ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం జిల్లాకొక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఆయన హోదా పేరుతో రాసి, ఒక కాపీ సివిల్ సప్లైస్ ఆఫీసరుకు ఇవ్వండి. సోమవారాల్లో కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చునే ఫిర్యాదుల విచారణ ఉంటుంది. ఆ వారం ఎక్కడ పెడుతున్నారో ముందు కనుక్కుని వెళ్లండి, ఒక్కోసారి బ్లాకుల్లో పెడతారు. ఫోన్లో చెప్పాలంటే 1967. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసుకోండి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని మీరు తెచ్చుకోండి. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే అక్కడే నిలబడండి. మా అత్తగారు గంటన్నర నిలబడింది. గుమస్తా కుర్చీ చూపించినా కూర్చోలేదు. స్టాంపు పడ్డాకే కూర్చుని నీళ్లు తాగింది. స్టాంపు లేని అర్జీతో తర్వాత ఏ మెట్టూ ఎక్కలేరు.

నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. ఇక్కడ ఒక తేడా ఉంది. ఆ దరఖాస్తు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఏదో ఒకదాంట్లోనే పెట్టాలి, తెలుగు చెల్లదు. ఒడిశాలో దానికి ఫారం ఉంది, ఫీజు పది రూపాయలు. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నట్టు కాగితం చూపిస్తే ఫీజు లేదు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే రాసిపెట్టడం అక్కడి అధికారి బాధ్యత. ఒకే ప్రశ్న అడగండి: ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారు, ఫైలు కాపీ ఇవ్వండి. జవాబుకు గడువు 30 రోజులు. జిల్లా అధికారి ఇచ్చిన ఆర్డరు మీకు నచ్చకపోతే భువనేశ్వర్‌లోని రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా అధికారి ఇవ్వమన్నది సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు.

ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి కోడళ్లను తెచ్చుకున్నవాళ్లకు ఇంకో మాట. పెళ్లయిన వారంలోనే అక్కడి కార్డులో అమ్మాయి పేరు తీయించి, తీసేసినట్టు కాగితం తెచ్చుకోండి. అది లేకపోతే ఇక్కడ ఎక్కించరు. ఆమె పుట్టింటి కార్డు కేంద్ర ఆహార భద్రతా చట్టం కిందదైతే, అక్కడ పేరు తీసేదాకా ఆ కార్డు మీదే ఏ రాష్ట్రంలోనైనా ఆమె వాటా తీసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చిన కార్డయితే ఇక్కడ పనిచేయదు. ఏ కార్డో పెళ్లి మాటల్లోనే అడిగి తెలుసుకోండి, తప్పేం లేదు.

ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. తిండి హక్కు 11వ అధికరణంలో ఉంది, సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునే హక్కు 15లో ఉంది. మా అత్తగారి కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు ఆ రెండూ నాకు ఒక్కటిగానే అనిపించాయి. ఆకలి ఆమెది, మాట కూడా ఆమెదే.

నాలుగో నెల బియ్యం వచ్చింది, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని 35 కిలోలూ తూచి ఇచ్చారు. ఆ 105 కిలోల భత్యం ఇంకా రాలేదు. అప్పీలు తెలుగులో రాయడం అయింది, నిన్న రాత్రి అత్తగారికి చదివి వినిపించాను. ఒక తేదీ తప్పు పడిందని దిద్దించింది. ఒడియా కాపీ ఇవాళ రాస్తున్నాను.