శ్రావణం హడావిడి మొదలవకముందే ఆ బ్యాకప్ డిస్క్ పీకి బీరువాలో పెట్టండి

ఆషాఢం చివర్లో గుంటూరు నుంచి ఒక స్టూడియో కుర్రాడు సీపీయూని ఒళ్లో పెట్టుకుని, బస్సెక్కి విజయవాడ గవర్నర్‌పేటలో మా కంప్యూటర్ రిపేరు షాపుకొచ్చాడు. పెళ్లిళ్లు లేని నెల కదా, వేసవిలో తీసినవాటికి ఆల్బమ్‌లు కడుతున్నాడట. "అన్నా, ఒక్క ఫొటో తెరుచుకోవట్లేదు. అన్నిటికీ తోకలొచ్చాయి" అన్నాడు. నెట్ ఇవ్వకుండా ఆన్ చేశాను. ప్రతి ఫైలు పేరులో జేపీజీ తర్వాత ఇంకో నాలుగక్షరాలు. ఏ ఫోల్డర్ తెరిచినా ఒక రీడ్‌మీ చీటీ: మీ ఫైళ్లకు తాళం వేశాం, తాళంచెవి 980 డాలర్లు, 72 గంటల్లో మాట్లాడితే 490. స్టాప్ అనీ, డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ రాత అది. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్. చిన్న షాపుల నుంచీ ఇళ్ల నుంచీ నా దగ్గరికొచ్చిన వాటిలో ఎక్కువ ఇదే.

"బ్యాకప్ లేదా తమ్ముడూ?"

"ఉందన్నా, ఇంట్లో ఇంకో డిస్క్ ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"అందులో బాగున్నాయో లేదో చూద్దామని తెచ్చి పెట్టా. అవీ పోయాయి."

"దేనికి పెట్టావు?"

"దీనికే."

ఇక నేనేమీ మాట్లాడలేదు. ఇదంతా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే. యాంటీవైరస్ వేసుకోండి, తెలియని లింకులు నొక్కకండి అని మీకు ఇప్పటికే వందమంది చెప్పి ఉంటారు, నేను చెప్పను. జబ్బు చేసిన కంప్యూటర్‌కి మంచి డిస్క్ పెట్టొద్దు. చూడ్డానికి కూడా పెట్టొద్దు. ఒక్క నిమిషానికి కూడా పెట్టొద్దు.

ఎందుకంటే ఈ రకం రాన్సమ్‌వేర్ ఒకసారి తాళాలేసి వెళ్లిపోయేది కాదు. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అని ఉంటుంది, అందులో తన పేరు రాయించుకుని ఐదేసి నిమిషాలకోసారి లేస్తుంది. కొత్తగా ఏం దొరుకుతుందా అని చూస్తుంది. మీరు ఆశగా తెచ్చి పెట్టిన డిస్క్ దానికి కొత్త మేత. ఆ కుర్రాడు డిస్క్ పెట్టి ఫోల్డర్లు వెతుక్కుంటుంటే, వెనకాల అది ఒక్కొక్క పెళ్లికీ తాళం వేసుకుంటూ పోయింది.

ఇదే తప్పుకి ఇంకో రూపం ఉంది, అది ఇంకా మామూలు. రెండు టీబీ డిస్క్ కొని, సీపీయూ వెనక గుచ్చి, ఏడాదంతా అలాగే ఉంచి దాన్ని బ్యాకప్ అంటారు. సీ, డీ ఎలాగో రాన్సమ్‌వేర్‌కి ఆ డిస్కూ అంతే, ఇంకో అక్షరం. గుచ్చి ఉన్నది బ్యాకప్ కాదు. కాపీ చేశాక పీకేయాలి. పీకాక షాపులో కూడా ఉంచకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి నా దగ్గరికి బురద కారుతూ వచ్చిన కంప్యూటర్లలో కొన్నింటికి బ్యాకప్ డిస్క్ కూడా అదే సంచిలో వచ్చింది. రెండూ ఒకే బల్ల మీద ఉండేవి మరి.

గూగుల్ డ్రైవ్ ఉందిగా అంటారు కొందరు. ఫోల్డర్ సింక్‌లో ఉంటే, అంటే కంప్యూటర్‌లో మారిందల్లా దానంతటదే డ్రైవ్‌లోనూ మారేలా పెట్టుకుంటే, తాళం పడ్డ ఫైలే బుద్ధిగా పైకెక్కి మంచిదాని స్థానంలో కూర్చుంటుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు దొరుకుతాయి, గూగుల్‌లో మామూలుగా 30 రోజులు. అంతకుమించి దాని మీద బరువు పెట్టకండి.

ఇంతకీ ఎలా వచ్చిందంటే, క్రాక్. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ ఫైలు. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ క్రాక్, ఫొటోషాప్ క్రాక్, విండోస్ యాక్టివేటర్, శుభలేఖలు కొట్టేవాళ్లకయితే తెలుగు ఫాంట్ల క్రాక్. జిప్ ఫైలు, దానికో పాస్‌వర్డ్, లోపల ఒక సూచన: ముందు యాంటీవైరస్ ఆపండి. దొంగే వచ్చి కుక్కని కట్టేయమంటే కట్టేసి తలుపు తీసినట్టు ఉంటుంది మన పని. పాస్‌వర్డ్ పెట్టింది భద్రత కోసం కాదు, జిప్ లోపల ఏముందో యాంటీవైరస్‌కి కనపడకుండా. నడిపిన తర్వాత విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక కిటికీ వస్తుంది, అదీ దొంగదే. "అప్‌డేట్ కదాని టీకి వెళ్లానన్నా" అన్నాడు కుర్రాడు. ఏ సైటు ఎక్కడుందో విండోస్ చూసుకునే హోస్ట్స్ ఫైల్ కూడా మార్చేస్తుంది కాబట్టి మీరు సాయం కోసం వెతికే సెక్యూరిటీ సైట్లు ఆ కంప్యూటర్‌లో తెరుచుకోవు.

రెండో దారి లెక్కలు రాసేవాళ్లది. రిటర్నుల నెలలో ఇన్‌వాయిస్ అని మెయిల్ వస్తే ఎవరు తెరవరు? విండోస్ ఫైలు పేరులో చివరి తోక దాచేస్తుంది, అందుకని ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ మీకు పీడీఎఫ్ లాగే కనిపిస్తుంది. ఫోల్డర్ వ్యూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. మూడోది రాత్రిపూట ఇంటి నుంచి షాపు కంప్యూటర్ తెరుచుకునే రిమోట్ డెస్క్‌టాప్. రౌటర్‌లో దాని తలుపయిన 3389 పోర్ట్ తెరిచి, పాస్‌వర్డ్ 12345 పెడితే అటు నుంచి మనుషులే లోపలికొస్తారు, వచ్చి ముందు బ్యాకప్ ఎక్కడుందో వెతుకుతారు.

ఏదీ నొక్కకపోయినా వచ్చేవీ ఉన్నాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్నింటికీ తగిలింది. అది దూరిన విండోస్ కంతకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అతుకు, అంటే అప్‌డేట్, ఇచ్చింది, వేసుకోనివాళ్లే దొరికారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మీది ఇంకా అదే అయితే సంగతి ఆలోచించుకోండి.

తగిలాక ఏం చేయాలి? ముందొకటి అర్థం చేసుకోండి, వైరస్ తీసేయడం వేరు, ఫైళ్లు రావడం వేరు. తీసేయడం అరపూట పని. నెట్ వైరు పీకండి, రౌటర్ ఆపండి, గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ లాగేయండి. హార్డ్ డిస్క్ లైటు గబగబా కొట్టుకుంటూ ఇంకా తాళాలు పడుతుంటే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. తర్వాత తెలిసినవాళ్ల చేత విండోస్ లేవకుండా లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి, తాళం పడ్డ ఫైళ్లనూ ఆ రీడ్‌మీ చీటీనీ ఒక ఖాళీ డిస్క్‌లోకి తీయించండి. ఖాళీ డిస్క్ అన్నాను, బ్యాకప్ డిస్క్ కాదు. అప్పుడు మొత్తం ఫార్మాట్ కొట్టి, వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేయించండి. స్కాన్ చేస్తే క్లీన్ అని వచ్చింది కదా అని బ్యాకప్ పెట్టేవాళ్లున్నారు. ఫార్మాట్ అయ్యేదాకా పెట్టొద్దు.

ఫైళ్ల సంగతి అదృష్టం. నో మోర్ రాన్సమ్ అని 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి పెట్టిన సైటు ఉంది. చీటీనీ, తాళం పడ్డ ఒక ఫైలునీ ఇస్తే ఏ రకమో చెబుతుంది, తాళంచెవి దొరికి ఉంటే ఉచితంగా ఇస్తుంది. డీజేవీయూ చీటీలో పర్సనల్ ఐడీ చివర టీ1 అని ఉంటే ఆశ ఉంది, నెట్ లేనప్పుడు వాడే ఉమ్మడి తాళం అది. లేకపోతే కష్టం. వీడియోలకి మాత్రం ఒక చిన్న ఊరట. ఇది ప్రతి ఫైలుకీ మొదటి 150 కేబీ చిల్లరే చెడగొడుతుంది, కాబట్టి అదే కెమెరాతో తీసిన మంచి క్లిప్ ఒకటుంటే పెద్ద వీడియోలు చాలావరకు బాగుచేయొచ్చు. కుర్రాడి తలంబ్రాలు కొన్ని అలాగే వచ్చాయి.

ఇక వరసగా చెప్పేస్తున్నా, వినండి.

తాళం పడ్డ ఫైళ్లు డిలీట్ చేయొద్దు, తాళంచెవి ఏడాది తర్వాతయినా బయటపడొచ్చు.

పేరు చివరి తోక తీసేస్తే ఫైలు బాగుపడదు.

యూట్యూబ్‌లో డీక్రిప్టర్, అంటే తాళం విప్పే ప్రోగ్రామ్, అని దొరికింది నడపొద్దు. 2020లో డీజేవీయూ విప్పుతానని వచ్చిన జోరాబ్ ఆ ఫైళ్లకే ఇంకో తాళం వేసింది.

మంచి డిస్క్ పెట్టొద్దు.

పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, బ్యాంకుతో మొదలుపెట్టండి. ఈ క్రాక్‌లతోపాటు పాస్‌వర్డ్ దొంగలూ వస్తాయి. మార్చేది వేరే ఫోన్‌లో, ఆ కంప్యూటర్‌లో కాదు.

డబ్బు కట్టొద్దు. కట్టేసి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇప్పుడే.

రెండు డిస్క్‌లు కొనండి. ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకోటి. రెండూ ఒకేసారి గుచ్చొద్దు.

పక్క షాపువాడి కంప్యూటర్‌లో చూస్తానని పెట్టొద్దు, వాడూ అదే క్రాక్ వేసుంటాడు.

పెట్టొద్దన్నానా, పెట్టొద్దు.

ఆల్బమ్ పెళ్లివారి చేతికిచ్చేదాకా కెమెరా కార్డులు ఫార్మాట్ చేయొద్దు. కార్డులు చాలకపోతే ఇంకో రెండు కొనండి. జ్యేష్ఠంలో తీసిన రెండు పెళ్లిళ్లు ఆ కుర్రాడికి మిగిలాయంటే, కార్డులు బ్యాగ్ అడుగున పడి ఉన్న సంగతి మర్చిపోయాడు కాబట్టి.