క్యాబేజీ ఆకుతో మోకాలి నొప్పి తగ్గుతుందా? ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

మోకాలి నొప్పికి క్యాబేజీ ఆకుల పట్టు వేయడం ఐరోపాలో పాతకాలపు ఇంటివైద్యం. జర్మనీ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కీలు అరిగిన 81 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజూ కనీసం రెండు గంటలు ఆకుల పట్టు, మరొక జట్టుకు డైక్లోఫెనాక్ అనే నొప్పి తగ్గించే మందున్న జెల్, మూడో జట్టుకు మామూలు చికిత్స నాలుగు వారాలు కొనసాగించారు. మామూలు చికిత్సతో పోలిస్తే పట్టు వల్ల నొప్పి తగ్గింది. జెల్ కంటే మెరుగని మాత్రం తేలలేదు. పైగా తమకు ఏ చికిత్స అందుతోందో అందరికీ తెలుసు కనుక, నమ్మకం వల్ల కలిగిన ఉపశమనం ఎంతో విడదీయడం కష్టం.

ఇంట్లో పరీక్షించేవారికీ ఇదే చిక్కు. నొప్పి బాగా ఎక్కువైనప్పుడే చిట్కా మొదలుపెడతాము, ఆ నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతట అదే కొంత తగ్గుతుంది, ఆ ఘనత ఆకుకు దక్కుతుంది. అందుకే పోలిక తప్పనిసరి. ఏడు చీటీల మీద ‘ఆకు’ అని, మరో ఏడింటి మీద ‘గుడ్డ’ అని రాసి, డబ్బాలో కలిపి, రోజుకొకటి చూడకుండా తీయాలి. ఆనాటి మన ఇష్టాన్ని బట్టి ఎంచుకోకూడదు.

ఆకు వచ్చిన రోజున రెండు మూడు ఆకులను కడిగి, మధ్యనున్న లావుపాటి ఈనెను కోసివేసి, రసం చెమర్చే వరకు అప్పడాల కర్రతో నలిపి, మోకాలి చుట్టూ పరిచి నూలుగుడ్డతో వదులుగా కట్టి, ఆ అధ్యయనంలోలాగే కనీసం రెండు గంటలు ఉంచాలి. గుడ్డ వచ్చిన రోజున తడిపి పిండిన గుడ్డను అదే విధంగా, అంతేసేపు కట్టాలి. చల్లదనమే నొప్పిని కొంత తగ్గిస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన ఆకును వెంటనే వాడకూడదు. రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి.

కట్టు విప్పిన గంట తరువాత, అవే మెట్లు ఎక్కి దిగి, నొప్పికి 0 నుంచి 10 లోపు అంకె వేసుకోవాలి. ఆ అంకెను, ఆరోజు వేసుకున్న మాత్రలతో సహా, ఇంట్లో మరొకరు రాసిపెట్టడం మేలు. నిన్నటి అంకె కనిపిస్తే నేటి అంకె దానివైపు మొగ్గుతుంది. డాక్టరు ఇచ్చిన మందులను ఈ పరీక్ష కోసం మానకూడదు. ముందుగా ముంజేతి మీద చిన్న ముక్క ఉంచి, దురద, దద్దుర్లు రావని నిర్ధారించుకోవాలి. పుండు, గాయం ఉన్నచోట కట్టకూడదు. మోకాలు ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే పరీక్ష మానేసి వెంటనే డాక్టరును కలవాలి.

పద్నాలుగు రోజుల తరువాత రెండు రకాల రోజుల సగటులను విడివిడిగా లెక్కించండి. నొప్పి పరిశోధనల్లో 0–10 కొలతపై సుమారు 2 పాయింట్ల తేడాను రోగికి నిజంగా తెలిసే మార్పుగా పరిగణిస్తారు. తేడా అంతకంటే బాగా తక్కువైతే ఆకు కోసం క్యాబేజీ కొననక్కరలేదు, తడిగుడ్డ సరిపోతుంది.