ఎన్నికల సర్వే కనిపిస్తే ముందు వెతకాల్సింది: ఎవర్ని అడగలేదు?

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే రోజుకో సర్వే వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. మన పార్టీ గెలుస్తుందంటే ఫార్వర్డ్ చేస్తాం, ఓడుతుందంటే 'అమ్ముడుపోయారు' అంటాం. ఆ ముచ్చట కాసేపు పక్కనపెట్టి, శాంపిల్, అంటే సర్వేలో అడగడానికి ఎంచుకున్న జనాన్ని, ఎక్కడినుంచి తెచ్చారో చూడండి.

'లక్షల మందిని అడిగాం' అంటే పడిపోకండి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని తేల్చేసింది. గెలిచింది ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్, అదీ 60 శాతానికి పైగా ఓట్లతో! లాండన్‌కి దక్కినవి రెండే రాష్ట్రాలు. పత్రిక అడ్రసులు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నదెవరికి? పైగా పనిగట్టుకుని జవాబు రాసి పంపినవాళ్లు, పంపనివాళ్లు ఒకేలా ఆలోచించేవాళ్లు కాదు. అదే ఎన్నికలో అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో సర్వేలు చేసే జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు.

కాబట్టి రిపోర్టు చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే మెథడాలజీ, అంటే సర్వే ఎలా చేశారన్న వివరం చదవండి, అసలు సరుకంతా అక్కడే. ఫోన్ సర్వే అయితే తెలియని నంబర్ ఎత్తనివాళ్లు పోయినట్టే. ఇంటింటికీ వెళ్లారా, మరి పగలు వెళ్తే పనికి పోయినవాళ్లు దొరకరు. ఇక వెబ్‌సైట్‌లో ఎవరైనా క్లిక్ చేసే పోల్ అయితే చదవడం కూడా దండగ.

తర్వాత 'వెయిటింగ్' చేశారా చూడండి, అంటే శాంపిల్‌లో ఎక్కువ తక్కువైన వర్గాలను ఓటర్లలో వాళ్లున్న నిష్పత్తినిబట్టి సరిచేయడం. వెయ్యి మందిలో 700 మంది మగవాళ్లు, 300 మంది ఆడవాళ్లు దొరికారనుకుందాం. మగవాళ్లలో 55 శాతం, ఆడవాళ్లలో 40 శాతం ఒక పార్టీ వైపు ఉన్నారు. మొత్తం కలిపితే 505 మంది, అంటే 50.5 శాతం, మెజారిటీ వచ్చేసినట్టే కనిపిస్తుంది. ఓటర్లలో ఇద్దరూ సగం సగం ఉంటే మాత్రం అసలు లెక్క 47.5. ఒక్కరి మాటా మారలేదు, హెడ్‌లైన్ మారిపోయింది.

అయితే వెయిటింగ్ కూడా మంత్రదండం కాదు. దేన్నిబట్టి సరిచేశారన్నది ముఖ్యం. 2016 అమెరికా ఎన్నికల్లో చాలా రాష్ట్రాల సర్వేలు చదువునిబట్టి సరిచేయలేదు. డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేలకు ఎక్కువ జవాబిస్తారు, వాళ్లు హిల్లరీ క్లింటన్ వైపు ఎక్కువ మొగ్గారు, దాంతో లెక్క ఆమె వైపు ఒరిగింది.

'ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం' అని, అంటే అసలు లెక్క అటో ఇటో అంత తేడా ఉండొచ్చని వేస్తారు కదా, వెయ్యి మంది శాంపిల్‌కి వచ్చేది సుమారుగా అదే. కానీ అది యాదృచ్ఛికంగా ఎంచినప్పుడు వచ్చే తేడా మాత్రమే. తప్పు జనాన్ని అడిగితే వచ్చే తేడా అందులో ఉండదు. ఇక 'యువత అంతా ఫలానా పార్టీ వైపే' లాంటి హెడ్‌లైన్ ఉంటే, ఆ వెయ్యిలో యువత ఎందరో వెతకండి. 80 మందే ఉంటే తేడా 11 శాతం దాకా పోతుంది, దాన్ని పట్టుకుని గంటసేపు డిబేట్ పెడతారు.