టెక్సస్‌లో వైద్య గంజాయి: రోగి దరఖాస్తు పెట్టని దరఖాస్తు విధానం

టెక్సస్ రాష్ట్రంలో వైద్య గంజాయి కోసం రోగి నింపవలసిన ఫారం ఏదీ లేదు, ప్రభుత్వానికి కట్టవలసిన రుసుము లేదు, చివర్లో చేతికి వచ్చే కార్డు కూడా లేదు. వేరే రాష్ట్రాల్లో కార్డు తీసుకున్న స్నేహితుల మాట విని, ఇక్కడ కూడా అలాంటిదే ఉంటుందనుకుని వెతకడం మొదలుపెట్టేవారు ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకుంటే కొన్ని రోజుల శ్రమ, ఒక్కోసారి కొంత డబ్బు కూడా మిగులుతాయి. ఇక్కడ దరఖాస్తు అనదగినది ఏదైనా ఉందంటే, అది రాష్ట్ర రిజిస్ట్రీలో (ఈ మందు రాసే డాక్టర్లనూ, వారు రాసిన ప్రిస్క్రిప్షన్లనూ నమోదు చేసే ఆన్‌లైన్ పట్టికలో) పేరున్న డాక్టరు తన కంప్యూటరులో మీ పేరు మీద నమోదు చేసే ప్రిస్క్రిప్షన్ మాత్రమే. ఆయన నమోదు చేస్తే మీరు పథకంలో ఉన్నట్టు, చేయకపోతే లేనట్టు. డాక్టరు కుదరదంటే మొరపెట్టుకోవడానికి పైన ఇంకో కిటికీ లేదు, ఇంకో డాక్టరును వెతుక్కోవడమే. రోగుల విసుగులో సగం ఇక్కడే పుడుతుంది, కాబట్టి సిద్ధపడవలసింది కూడా ఇక్కడే.

టెక్సస్ కంపాషనేట్ యూజ్ ప్రోగ్రామ్ అనే ఈ పథకాన్ని నడిపేది ఆరోగ్య శాఖ కాదు. డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే, హైవేల మీద గస్తీ తిరిగే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ. మందు వ్యవహారం పోలీసు శాఖ చేతికి ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న సహజమే గానీ, పథకం స్వభావం అర్థం కావడానికి ఆ ఒక్క వివరం చాలు. 2015లో గవర్నర్ గ్రెగ్ అబట్ సంతకం చేసిన మొదటి చట్టం మందులకు లొంగని మూర్ఛవ్యాధికి మాత్రమే, అదీ ఇద్దరు నిపుణులు ఒప్పుకుంటేనే, గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం బరువులో 0.5 శాతం మించని మందును అనుమతించింది. 2019లో రెండో డాక్టరు నిబంధన పోయి, అన్ని రకాల మూర్ఛలు, నరాల పొరను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్, కండరాల బిగుతు, కండరాలను క్రమంగా చచ్చుబరిచే ఏఎల్ఎస్, ఆటిజం, నయంకాని నాడీక్షయ వ్యాధులు, చివరి దశ క్యాన్సర్ జాబితాలో చేరాయి. 2021లో ఏ దశలోని క్యాన్సర్ అయినా సరేనన్నారు, భయానక అనుభవం తరువాత మిగిలే మానసిక ఆఘాతమైన పీటీఎస్‌డీని చేర్చారు, పరిమితిని 1 శాతానికి పెంచారు. ఏళ్ల తరబడి నడుము నొప్పితో, నరాల నొప్పితో బాధపడేవారికి మాత్రం 2025 దాకా ఈ తలుపు మూసే ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన హౌస్ బిల్లు 46 దీర్ఘకాలిక నొప్పిని, తలకు దెబ్బ తగలడం వల్ల వచ్చే మెదడు సమస్యలను, క్రోన్స్ వంటి పేగు వాపు జబ్బులను, అవసాన దశలో ఉపశమన చికిత్స పొందుతున్నవారిని కూడా లోపలికి రానిచ్చింది.

శాతాల లెక్క రోగిని ఎంత తిప్పలు పెట్టిందో ఒక గమ్మీని (మందు కలిపిన జెల్లీ మిఠాయిని) చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. బరువులో 1 శాతం అంటే ఒక గ్రాము గమ్మీలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీకి మించి ఉండకూడదు. 20 మిల్లీగ్రాములు కావలసిన మనిషి రెండు గ్రాముల చక్కెర పాకాన్నో, అంతే బరువైన నూనెనో మింగాలి. కీమోథెరపీ తరువాత మంచినీళ్లు కూడా కడుపులో నిలవని రోగికి వాంతులు తగ్గడానికి నూనె తాగమని చెప్పడంలోని విడ్డూరం చట్టం రాసినవారికి పదేళ్లకు గానీ తట్టలేదు. ఇప్పుడు శాతాన్ని వదిలి మిల్లీగ్రాముల్లో కొలుస్తున్నారు: ఒక మోతాదులో 10 మిల్లీగ్రాములు, ఒక ప్యాకెట్టు మొత్తంలో 1 గ్రాము దాటకూడదు. పొగ తాగడానికి ఇప్పటికీ అనుమతి లేదు. అవసరమని డాక్టరు భావిస్తే పరికరంతో ఆవిరి రూపంలో పీల్చే మందును రాయవచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు

ముందుగా అర్హత చూసుకోవాలి. రోగి టెక్సస్‌లో స్థిరనివాసి అయి ఉండాలని చట్టం చెబుతుంది. ఆ మాట రాష్ట్ర నివాసం గురించి చెప్పినదే తప్ప గ్రీన్ కార్డు గురించి కాదు. కానీ ఆరు నెలల సందర్శక వీసా మీద టెక్సస్‌లోని ఫ్రిస్కోకో కేటీకో వచ్చిన అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులకు ఈ దారి లేదు. వయసు పరిమితి లేదు. 18 ఏళ్లలోపు పిల్లలకు చట్టబద్ధమైన సంరక్షకులు తోడుండవలసి రావచ్చు. ఇతర రాష్ట్రాల కార్డులు ఇక్కడ చెల్లవు.

తరువాత డాక్టరు. మీ ఫ్యామిలీ డాక్టరుకు రిజిస్ట్రీలో పేరు లేకపోతే ఆయనకు ఎంత సానుభూతి ఉన్నా చేయగలిగింది లేదు, కాబట్టి అపాయింట్‌మెంటు అడిగే ముందే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ వెబ్‌సైటులో ఉన్న డాక్టర్ల శోధన పేజీలో పేరు చూసుకోవడం మంచిది. పేరున్న ప్రతి డాక్టరూ ప్రతి జబ్బుకూ రాయరు. ఆ జబ్బుకు చికిత్స చేయడం తన ప్రాక్టీసులో ముఖ్యమైన భాగమై ఉండాలన్నది నిబంధన. ఫోనులోనే మూడు ప్రశ్నలు అడిగేయండి: మా జబ్బుకు రాస్తారా, వీడియోలో చూస్తారా లేక స్వయంగా రావాలా, ఫీజు ఎంత. ఈ ఫీజును గానీ, తరువాత కొనే మందు ఖర్చును గానీ ఇన్సూరెన్సు సాధారణంగా భరించదు.

వెంట తీసుకెళ్లవలసినది జబ్బు నిర్ధారణ చూపించే కాగితం, స్కాన్ రిపోర్టులు, ఇంతవరకు వాడిన మందులు, వాటితో వచ్చిన ఫలితం. దీర్ఘకాలిక నొప్పి విషయంలో ఈ చివరిది బాగా పనికొస్తుంది. వైద్యపరిభాషలో సాధారణంగా మూడు నెలలు దాటి నిలిచిన నొప్పినే అలా పిలుస్తారు, కాబట్టి నొప్పి ఎప్పుడు మొదలైందో, ఫిజియోథెరపీ ఎన్నాళ్లు చేయించుకున్నారో తేదీలతో రాసుకుని వెళ్లాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో చేయించుకున్న చికిత్స కాగితాలు కూడా చూపించవచ్చు. అయితే మనవాళ్ల అలవాటు ప్రకారం మాత్రల అట్టలన్నీ పాలిథిన్ కవరులో పోసి డాక్టరు బల్ల మీద పెడితే ప్రయోజనం తక్కువ. డోలో అంటే ఇక్కడ అర్థం కాదు, పారాసిటమాల్ పేరు కూడా ఇక్కడ అసిటమినోఫెన్. ప్రతి మందుకూ రసాయన నామం, మోతాదు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారు, మూర్ఛకు క్లోబజామ్ వాడే పిల్లల తల్లిదండ్రులు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే గంజాయిలోని పదార్థాలు ఈ రెండు మందుల ప్రభావాన్నీ పెంచగలవు.

డాక్టరు ఒప్పుకుంటే మోతాదు, తీసుకునే పద్ధతి, మొత్తం పరిమాణం రిజిస్ట్రీలో నమోదు చేస్తారు. గది నుంచి బయటికి వచ్చే ముందు ఒక్క పని చేయండి: మీ పేరు ఎలా ఎక్కించారో స్క్రీను మీద చూపించమని అడగండి.

కౌంటరు దగ్గర

ఈ జాగ్రత్త ఎందుకో డిస్పెన్సరీలో, అంటే ఈ మందు అమ్మే లైసెన్సు ఉన్న కేంద్రంలో, తెలుస్తుంది. అక్కడ అడిగేవి గుర్తింపు పత్రం, రోగి ఇంటిపేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి ఐదు అంకెలు. అలవాటుగా అందరూ అడిగే నాలుగు కాదు, ఐదు. ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఈ అంకెలు మూడూ కలిస్తేనే రికార్డు తెరుచుకుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందా వెనకా అన్నది మనకు ఎప్పుడూ ఉన్న గొడవే. రెండు మాటల ఇంటిపేరును ఒక చోట కలిపి, ఇంకో చోట విడదీసి రాసినా, తండ్రి పేరు చివరి పేరుగా ఎక్కినా, కౌంటరు వెనక ఉన్న మనిషికి మీరు కనిపించరు. తప్పు దిద్దవలసింది డాక్టరు కార్యాలయమే కాబట్టి మందు లేకుండా వెనక్కి తిరగవలసి వస్తుంది. పని అనుమతి లేని హెచ్-4 వీసాదారుల్లా సోషల్ సెక్యూరిటీ నంబరే లేనివారు ఈ విషయాన్ని మొదటి ఫోనులోనే తేల్చుకోవాలి.

డిస్పెన్సరీ దూరంగా ఉండడం కూడా పాత ఫిర్యాదే. 2025 దాకా ఇంత పెద్ద రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవి మూడు సంస్థలే. లైసెన్సు రుసుమే 4,88,520 డాలర్లు. ఆ భారం చివరికి ఎవరి సీసా ధరలో కలుస్తుందో చెప్పనక్కరలేదు. పైగా పంపిణీ కేంద్రాల్లో రాత్రిపూట సరుకు ఉంచకూడదన్న నిబంధన వల్ల అమ్ముడుపోని సీసాలను సాయంత్రం వ్యానులో ఎక్కించి మధ్య టెక్సస్‌లోని గిడ్డంగికి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చేవారు. కొత్త చట్టం లైసెన్సులను 15కి పెంచి, అనుమతి తీసుకున్న ఉపకేంద్రాల్లో నిల్వకు వీలు కల్పించింది.

ఈలోగా రోగిని మరింత చికాకు పరిచేవి చుట్టుపక్కల దృశ్యాలు. డాలస్ నుంచి కారులో గంటకు కాస్త ఎక్కువ ప్రయాణం చేసి రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. అక్కడ 2018లో ఓటర్లు ఆమోదించిన చట్టంలో అర్హమైన జబ్బుల జాబితాయే లేదు. ఇక టెక్సస్‌లోనే 2019 నాటి హెంప్ (టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) చట్టం చాటున పెట్రోలు బంకుల్లో టీహెచ్‌సీ గమ్మీలు ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్ముడయ్యాయి; వాటిని నిషేధించే బిల్లును 2025 జూన్‌లో గవర్నరే వీటో చేశారు. క్యాన్సర్ రోగి రిజిస్ట్రీ ద్వారా రావాలి, ఆరోగ్యవంతుడు బంకులో కొనుక్కోవచ్చు అన్నట్టున్న ఆ ఏర్పాటును సమర్థించడం కష్టం. అయినా ఆ విసుగులో పొరుగు రాష్ట్రం నుంచి సరుకు తెచ్చుకోవద్దు. టెక్సస్‌లో రెండు ఔన్సుల లోపు ఆకు దొరికితే 180 రోజుల వరకు జైలు పడే నేరమే గానీ, టీహెచ్‌సీ సారంతో చేసిన గమ్మీ లేదా వేప్ (ఆవిరి పీల్చే పరికరం) దొరికితే గ్రాము లోపైనా ఫెలనీ, అంటే ఇంకా తీవ్రమైన నేరం, అవుతుంది.

పౌరసత్వం లేనివారికి

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం దృష్టిలో గంజాయి నియంత్రిత పదార్థమే, వలస వ్యవహారాలు నడిచేది ఫెడరల్ చట్టం కిందే. రాష్ట్ర చట్టానికి లోబడి వాడినా పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణకు అది అడ్డు కావచ్చని వలస దరఖాస్తులు పరిశీలించే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే తన విధానంలో స్పష్టం చేసింది. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో మాదకద్రవ్యాల గురించి అడుగుతారు. విమానాశ్రయంలో అధికారి అడిగితే ఒప్పుకోలు కూడా చిక్కు తెస్తుంది. హెచ్-1బీ మీదనో, గ్రీన్ కార్డు వరుసలోనో ఉన్నవారు డాక్టరు కంటే ముందు వలస న్యాయవాదిని కలవాలని నా గట్టి సలహా. ఉద్యోగుల సంగతీ అంతే: డ్రగ్ టెస్టులో పట్టుబడితే ప్రిస్క్రిప్షన్ చూపించి ఉద్యోగం నిలబెట్టుకునే రక్షణ టెక్సస్ చట్టంలో లేదు.

అందుకే కొందరికి ముందు అడగవలసిన మందులు వేరే ఉన్నాయి. గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తు కలిగించని సీబీడీ అనే పదార్థంతో తయారైన ఎపిడియోలెక్స్‌ను లెనాక్స్-గస్టో, డ్రావే అనే తీవ్రమైన మూర్ఛలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. కీమోథెరపీ వాంతులకు వాడే డ్రోనాబినాల్ అనే కృత్రిమ టీహెచ్‌సీ 1985 నుంచే ఉంది. రెండూ మామూలు ప్రిస్క్రిప్షన్‌తో ఫార్మసీ ద్వారా దొరికేవే, ఫెడరల్ చట్టానికి లోబడినవే. రిజిస్ట్రీ అవసరం లేదు, ఇన్సూరెన్సు వర్తించే అవకాశం కూడా ఉంది.

రిజిస్ట్రీ దారినే వెళ్లినవారు మందును ఎప్పుడూ డిస్పెన్సరీ ఇచ్చిన సీసాలోనే, లేబులు చిరగకుండా ఉంచుకోవాలి. పోలీసు అధికారి కారు ఆపితే రిజిస్ట్రీలో మీ ప్రిస్క్రిప్షన్‌ను అప్పటికప్పుడు సరిచూడగలరు. మాత్రల డబ్బాలోకి మార్చిన గమ్మీ ఎక్కడిదో మాత్రం ఆ తెర మీద కనిపించదు. రాష్ట్ర సరిహద్దు దాటేటప్పుడు, ముఖ్యంగా ఇండియా ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు, ఆ సీసాను ఇంట్లోనే వదిలి వెళ్లాలి.